ఏఎమ్ హెర్క్యులిస్‌లో అయస్కాంత క్షేత్రం ఎంత? ముందు "ఎక్కడ?" అని అడగండి

మీ ప్రశ్న ఇది: ఏఎమ్ హెర్క్యులిస్ (ఇకపై ఏఎమ్ హెర్) జంట నక్షత్రంలో క్షేత్రం 20 కోట్ల గౌస్ అని ఒక చోట, 1.4 కోట్ల గౌస్ అని ఇంకో చోట, కొన్ని వేల గౌస్ అని మరో చోట ఉంది. ఏది సరైనది? అక్కడ డిస్కు (పడే పదార్థం పళ్లెంలా పరచుకుని తిరిగేది) ఎందుకు ఏర్పడదు? ఇంటి టెలిస్కోపుతో ఇందులో ఏదైనా పట్టుకోగలమా?

మొదటి అంకె తప్పు. మిగతా రెండూ సరైనవే, కానీ రెండు వేర్వేరు నక్షత్రాలవి. 1.4 కోట్లు శ్వేత కుబ్జం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) అయస్కాంత ధ్రువం దగ్గరిది, వేల గౌస్ పక్కనున్న ఎర్ర కుబ్జానిది (సూర్యుడి కంటే చిన్న, చల్లటి నక్షత్రం). ఒకదాని పదార్థం ఇంకొకదాని మీద పడే జంటల్లో క్షేత్రం అంకె చెప్పగానే ఏ నక్షత్రం, ఏ ఎత్తు, ఏ పద్ధతి అని అడగకపోతే గందరగోళం తప్పదు.

ముందు వ్యవస్థ కొలతలు. శ్వేత కుబ్జం ద్రవ్యరాశి సూర్యుడిలో 0.8 వంతు, ఎర్ర కుబ్జానిది పావు వంతుకు కాస్త ఎక్కువ అనుకుందాం. (శ్వేత కుబ్జం ద్రవ్యరాశి మీద అందరూ ఒక్క మాట మీద లేరు, లెక్కకు 0.8 చాలు.) ఒకదాని చుట్టూ ఒకటి 3.09 గంటల్లో తిరిగేస్తాయి. కెప్లర్ సూత్రంలో వేస్తే రెండింటి కేంద్రాల మధ్య దూరం 7.6 లక్షల కిలోమీటర్లు వస్తుంది. మనకూ చంద్రుడికీ మధ్య దూరానికి రెట్టింపు, అంతే. శ్వేత కుబ్జం వ్యాసార్థం 7,000 కిలోమీటర్లు, భూమి కంటే కాస్త పెద్దది.

మాక్స్ వోల్ఫ్ 1923లో హైడెల్‌బెర్గ్‌లో దీన్ని చరతారగా గుర్తించాడు. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1976లో సాంటియాగో టాపియా దీని కాంతి ధ్రువణాన్ని (పోలరైజేషన్, అంటే కాంతి కంపనం ఒక దిశకో ఒక చుట్టుకో మొగ్గడం) కొలిచాడు. వృత్తాకార ధ్రువణం 9 శాతం దాకా, రేఖీయ ధ్రువణం 7 శాతం దాకా వచ్చాయి. మామూలు నక్షత్రాల్లో వృత్తాకార ధ్రువణం శాతంలో వందో వంతు ఉన్నా ఎక్కువే. ఈ రకం జంటలకు "పోలార్లు" అని పేరు పడింది అందుకే.

20 కోట్ల పొరపాటు అప్పుడే మొదలైంది. క్షేత్ర రేఖ చుట్టూ చుట్టలు తిరిగే ఎలక్ట్రాన్ సైక్లోట్రాన్ కాంతి విడుదల చేస్తుంది. 10 కోట్ల గౌస్ దగ్గర దాని మూల తరంగదైర్ఘ్యం 10,710 ఆంగ్‌స్ట్రామ్‌లు. క్షేత్రం ఎన్ని రెట్లు పెరిగితే తరంగదైర్ఘ్యం అన్ని రెట్లు తగ్గుతుంది. ధ్రువణం కంటికి కనిపించే కాంతిలో దొరికింది కాబట్టి ఆ కాంతే మూల పౌనఃపున్యం అనుకుంటే క్షేత్రం 20 కోట్లు ఉండాలి. కానీ అక్కడి ప్లాస్మా వేడి కోట్ల డిగ్రీల్లో ఉంటుంది. అంత వేడిలో ఎలక్ట్రాన్లు మూలం దగ్గరే ఆగవు, దానికి ఐదు, పది, పదిహేను రెట్ల పౌనఃపున్యాల దగ్గర కూడా కాంతినిస్తాయి. వీటిని హార్మోనిక్స్ అంటాం. కింది హార్మోనిక్స్ దగ్గర ప్లాస్మా తన కాంతిని తానే మింగేస్తుంది కాబట్టి బయటికి ధ్రువణంతో వచ్చేది పైవాటి కాంతే. నిజానికి ఏఎమ్ హెర్ మూల తరంగదైర్ఘ్యం 7.65 మైక్రాన్లు. పచ్చ రంగులో మనం చూసేది సుమారు పద్నాలుగో హార్మోనిక్. హార్మోనిక్ సంఖ్య తప్పితే క్షేత్రం కూడా అన్ని రెట్లు తప్పుతుంది.

సంఖ్యను సరిగ్గా పట్టుకోవడం ఎలాగో ఒక లెక్కతో చూడండి. పోలార్ స్పెక్ట్రంలో 7,650, 6,375, 5,464 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర మూడు వెడల్పాటి మూపురాలు కనిపించాయనుకుందాం. తరంగదైర్ఘ్యంలో వాటి మధ్య ఎడం సమానంగా లేదు. ఒక్కోదాని విలోమం తీసి 10,000 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఎన్ని తరంగాలో రాయండి: 1.307, 1.569, 1.830. ఇప్పుడు తేడాలు సమానం, ఒక్కోటి 0.2614. ఆ తేడాయే మూల పౌనఃపున్యం. 10,000ను 0.2614తో భాగిస్తే 38,250 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 2.8 కోట్ల గౌస్. 38,250ను 7,650తో భాగిస్తే సరిగ్గా 5. కాబట్టి ఇవి ఐదు, ఆరు, ఏడు హార్మోనిక్స్.

అసలు స్పెక్ట్రంలో ఇంత శుభ్రంగా పూర్ణ సంఖ్య రాదు, 4.8 అనో 5.2 అనో వస్తుంది. ప్లాస్మా వేడి పెరిగేకొద్దీ సాపేక్షత ప్రభావం వల్ల మూపురం శిఖరం ఎర్ర వైపు జరుగుతుంది, అందులోనూ పై హార్మోనిక్ ఎక్కువగా జరుగుతుంది. దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే క్షేత్రం కొన్ని శాతం తక్కువగా వస్తుంది. పైగా నక్షత్రం తిరుగుతుంటే మనం క్షేత్ర రేఖను చూసే కోణం మారి మూపురాలు కూడా జరుగుతాయి. అందుకని మొత్తం కక్ష్య స్పెక్ట్రాలను కలిపి సగటు తీయకండి, మూపురాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. కక్ష్యను కనీసం పది భాగాలు చేసి ఒక్కో భాగానికి విడిగా కొలవాలి. రెండే మూపురాలు ఉంటే హార్మోనిక్ సంఖ్య ఖాయమని చెప్పకండి. మూడు ఉంటేనే ధైర్యంగా రాయవచ్చు. ఏఎమ్ హెర్‌లో అయితే మూపురాల కోసం ఇన్‌ఫ్రారెడ్‌లోకి వెళ్లాలి. ఐదోది 1.53 మైక్రాన్ల దగ్గర పడుతుంది. నాలుగోది 1.9 దగ్గర, అది మన వాతావరణంలోని నీటి ఆవిరి మింగేసే చోటే.

రెండో పద్ధతి జీమన్ చీలిక, అంటే క్షేత్రం వల్ల స్పెక్ట్రం గీత విడిపోవడం. ఇది పని చేసేది పదార్థం పడటం దాదాపు ఆగిపోయిన "లో స్టేట్"లోనే. ఏఎమ్ హెర్ సాధారణంగా 13వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె పెరిగితే మసక) దగ్గర ఉంటుంది, అప్పుడప్పుడూ వారాల తరబడి, నెలల తరబడి 15 కంటే కిందికి పడిపోతుంది. ప్రవాహం వెలుగు తగ్గగానే శ్వేత కుబ్జం ఉపరితలం బయటపడి హైడ్రోజన్ శోషణ గీతలు చీలి కనిపిస్తాయి. హెచ్-ఆల్ఫా (హైడ్రోజన్ ఎర్ర గీత) 10 లక్షల గౌస్‌కు సుమారు 20 ఆంగ్‌స్ట్రామ్‌లు పక్కకు జరుగుతుందని గుర్తు పెట్టుకుంటే చాలు. 1.4 కోట్లకు అది 280 ఆంగ్‌స్ట్రామ్‌లు, చిన్న స్పెక్ట్రోగ్రాఫ్‌లోనూ కనిపించే దూరం. ఇక్కడ అందరూ ఒక పొరపాటు చేస్తారు. చీలిన మూడు భాగాలూ మధ్య గీతకు అటూ ఇటూ సమానంగా ఉంటాయనుకుంటారు. ఇంత పెద్ద క్షేత్రంలో వర్గ జీమన్ ప్రభావం గీతలన్నిటినీ పదుల ఆంగ్‌స్ట్రామ్‌లు నీలం వైపు లాగుతుంది, హెచ్-బీటాను హెచ్-ఆల్ఫా కంటే ఎక్కువగా. మధ్య గీతను ప్రయోగశాల స్థానంలో వెతికితే దొరకదు.

సైక్లోట్రాన్, జీమన్ అంకెలు ఒకటి కాకపోతే కంగారు అక్కర్లేదు. సైక్లోట్రాన్ చెప్పేది పదార్థం వచ్చి పడే చిన్న మచ్చ దగ్గరి క్షేత్రం. జీమన్ చెప్పేది మనకు కనిపించే అర్ధగోళం సగటు. డైపోల్‌లో (కడ్డీ అయస్కాంతం లాంటి క్షేత్రంలో) ధ్రువం దగ్గరి క్షేత్రం మధ్యరేఖ దగ్గరిదానికి రెట్టింపు. రెండూ అచ్చంగా ఒకే అంకె ఇస్తే నేనైతే అనుమానిస్తాను.

ఇక డిస్కు సంగతి. మూడు దూరాలు పోల్చితే సరిపోతుంది. ఎర్ర కుబ్జం నుంచి పదార్థం జారిపడే చోటు, అంటే మొదటి లగ్రాంజ్ బిందువు, శ్వేత కుబ్జానికి సుమారు 4.6 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అయస్కాంతం లేకపోతే అక్కడి నుంచి పడే ప్రవాహం తన కోణీయ ద్రవ్యవేగం వల్ల సూటిగా శ్వేత కుబ్జం మీద పడలేదు. దాదాపు 1.4 లక్షల కిలోమీటర్ల దూరంలో వలయంలా చుట్టుకుని, అది పరచుకుని డిస్కు అవుతుంది. మూడోది ఆల్ఫ్వెన్ వ్యాసార్థం, క్షేత్ర ఒత్తిడి ప్రవాహ ఒత్తిడిని మించే చోటు. ధ్రువం దగ్గర 1.4 కోట్ల గౌస్, సెకనుకు 1,000 కోట్ల టన్నుల ప్రవాహం అనుకుని గోళాకార సూత్రంలో వేస్తే అది 4.5 లక్షల కిలోమీటర్లు. అంటే ప్రవాహం గుమ్మం దాటకముందే క్షేత్రం చెయ్యి పట్టుకుంటున్నట్టు.

అయితే ఆ సూత్రం నాలుగు వైపుల నుంచీ సమానంగా పడే పదార్థానికి. నిజమైన ప్రవాహం సన్నటి, చిక్కటి దారం లాంటిది, కాబట్టి అది క్షేత్రంలోకి ఇంకొంత చొచ్చుకుని వస్తుంది. అందులోని చిక్కటి గడ్డలు ఇంకా లోతుకు వెళ్తాయి. అయినా 1.4 లక్షలు చేరేలోపు మొత్తం క్షేత్ర రేఖలు ఎక్కేస్తుంది, డిస్కుకు చోటే లేదు. రేఖల వెంట జారి సెకనుకు 5,500 కిలోమీటర్ల వేగంతో ధ్రువం మీద పడుతుంది. ఉపరితలానికి కాస్త పైన షాక్ (వేగం హఠాత్తుగా తగ్గి వేడిగా మారే పొర) ఏర్పడి ఉష్ణోగ్రత 40 కోట్ల కెల్విన్‌ల దాకా పోవచ్చు. ఎక్స్-కిరణాలు, సైక్లోట్రాన్ కాంతి పుట్టేది అక్కడే.

క్షేత్రం పదో వంతు అయితే ఆల్ఫ్వెన్ వ్యాసార్థం పదో వంతు కాదు, క్షేత్రానికి నాలుగు బై ఏడో ఘాతంలో తగ్గి సుమారు 1.2 లక్షల కిలోమీటర్లు అవుతుంది. అది వలయం దూరం కంటే తక్కువ, కాబట్టి డిస్కు కుదురుకోగలదు, మధ్యలో బొక్కతో. ఇవి ఇంటర్మీడియట్ పోలార్లు. ఈఎక్స్ హైడ్రేలో కక్ష్య 98 నిమిషాలు, శ్వేత కుబ్జం భ్రమణం 67 నిమిషాలు. 1934లో నోవాగా పేలిన డీక్యూ హెర్క్యులిస్‌లో అయితే భ్రమణం 71 సెకన్లే. ఏఎమ్ హెర్‌లో శ్వేత కుబ్జం కక్ష్యతో తాళం వేసినట్టు తిరుగుతుంది, ఎప్పుడూ ఒకే ముఖం సహచరి వైపు. ఆ తాళం ఊడటం కూడా జరిగింది. 1975లో నోవాగా పేలిన వి1500 సిగ్నిని తర్వాత కొలిస్తే కక్ష్య 3.35 గంటలు, భ్రమణం అంతకంటే 1.8 శాతం తక్కువ.

వేల గౌస్ అంకె ఎర్ర కుబ్జానిది. 3.09 గంటలకోసారి తిరిగే సంవహన (లోపలి వాయువు మరిగే నీళ్లలా కలియతిరిగే) నక్షత్రం కాబట్టి సూర్యుడి కంటే ఎన్నో రెట్లు చురుకుగా క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఇది చిన్నదని వదిలేయకూడదు. లో స్టేట్ ఎందుకు వస్తుందన్నదానికి బాగా నడుస్తున్న వివరణ ఇదే: లగ్రాంజ్ బిందువు కిందికి పెద్ద మచ్చ వస్తే అక్కడ వాయువు వెనక్కి తగ్గి ప్రవాహం సన్నగిల్లుతుంది. డిస్కు ఉన్న జంటల్లో డిస్కే గిడ్డంగిలా పనిచేసి ఈ హెచ్చుతగ్గులను కప్పేస్తుంది. పోలార్లో గిడ్డంగి లేదు, కుళాయి కట్టేస్తే ఆ కాసేపట్లోనే వెలుగు పడిపోతుంది. దాత నక్షత్రం ఎలా ప్రవర్తిస్తుందో చూడటానికి పోలార్ కంటే మంచి చోటు లేదన్నది నా అభిప్రాయం.

మామూలు నక్షత్రాల క్షేత్రాల విషయంలోనూ పద్ధతిని బట్టి అంకె మారుతుంది. ఆర్ఎస్ సీవీఎన్ రకం (పెద్ద మచ్చలున్న చురుకైన నక్షత్రాల) జంటలకు వృత్తాకార ధ్రువణంతో జీమన్-డాప్లర్ పటాలు (ఉపరితల క్షేత్ర పటాలు) గీస్తే పదులు, వందల గౌస్ వస్తాయి. అదే నక్షత్రానికి గీత వెడల్పు నుంచి లెక్కిస్తే వేలు రావచ్చు. పక్కపక్కనే ఉన్న ఉత్తర, దక్షిణ మచ్చలు వృత్తాకార ధ్రువణంలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, గీత వెడల్పులో మాత్రం కొట్టేసుకోవు. మొదటిది చెప్పేది మిగిలిన నికర క్షేత్రం, రెండోది మొత్తం బలం. ఈ రకం జంటల మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు జపాల్-రంగాపూర్ 48 అంగుళాల టెలిస్కోపుతో చేసిన ఫొటోమెట్రీ పని మన దగ్గర చాలామందికి తెలియదు. మచ్చల వల్ల కాంతి వక్రంలో వచ్చే అలను పట్టుకోవడమే అందులో ముఖ్యం.

రెండు నక్షత్రాలకు మించి ఉన్న వ్యవస్థల్లో ఇంకో చిక్కుంది. ఆల్గాల్‌నే తీసుకోండి. 2.87 రోజుల గ్రహణ జంట, దాని చుట్టూ 680 రోజులకోసారి తిరిగే మూడో నక్షత్రం. మూడో నక్షత్రం లాగుడుకు జంట ముందుకూ వెనక్కూ కదులుతుంది కాబట్టి గ్రహణాలు కొన్ని నిమిషాలు ముందో వెనకో వస్తాయి. కానీ అయస్కాంత చక్రం వల్ల నక్షత్రం ఆకారం కొద్దిగా మారినా కక్ష్య కాలం పెరిగి తగ్గుతుంది. దీన్ని ఆపిల్‌గేట్ 1992లో వివరించాడు, లక్షలో ఒకటి స్థాయి మార్పు. కాలాల గ్రాఫులో రెండూ ఒకే రకం అలలా కనిపిస్తాయి. వి471 టారీ అనే గ్రహణ జంటలో గ్రహణ కాలాలను బట్టి ఒక గోధుమ కుబ్జం (నక్షత్రం కాలేకపోయిన చిన్న వస్తువు) ఉందని లెక్కగట్టారు. 2015లో స్ఫియర్ అనే టెలిస్కోపు కెమెరా పరికరంతో నేరుగా ఫొటో తీస్తే ఉండాల్సిన చోట అది కనిపించలేదు. కాబట్టి గ్రాఫులో అల కనిపించగానే మూడో నక్షత్రం దొరికిందని రాసేయకండి. అల ప్రతి చుట్టులోనూ అచ్చంగా పునరావృతమవుతుందా చూడండి. కక్ష్య అయితే అవుతుంది, అయస్కాంత చక్రం గడియారంలా నడవదు.

ఇప్పుడు ఇంటి పని. ఏఎమ్ హెర్ డెక్లినేషన్ (ఆకాశపు మధ్యరేఖ నుంచి కోణం) దాదాపు +50 డిగ్రీలు. హైదరాబాద్ నుంచి ఉత్తరాన 57 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. అర్ధరాత్రి నడినెత్తి రేఖ మీదికి వచ్చేది జూన్ చివర, అప్పటికి వానలు. అందుకని మే మొదటి వారం పట్టుకోండి. రాత్రి పదకొండున్నర నుంచి తెల్లవారుజామున నాలుగున్నర దాకా 30 డిగ్రీల పైనే ఉంటుంది. ఈ ఐదు గంటల్లో ఒకటిన్నర కక్ష్య వస్తుంది. రోజుకు 7.756 చుట్లు కాబట్టి మర్నాడు అదే సమయానికి కక్ష్యలో పావు వంతు వెనక ఉంటుంది, నాలుగు రోజులకు మొదటి చోటికే వస్తుంది. వరసగా నాలుగు రాత్రులు చేస్తే కక్ష్య అంతా కనీసం నాలుగుసార్లు వచ్చేస్తుంది. ఒక్క రాత్రి చూసి లయ చెప్పకండి, నిమిషాల్లో వచ్చే మిణుకు దాన్ని కప్పేస్తుంది.

20 సెంటీమీటర్ల టెలిస్కోపు, చల్లబరిచే సీమాస్ కెమెరా, వి (పచ్చ-పసుపు కాంతి) ఫిల్టరు, 60 సెకన్ల ఎక్స్‌పోజర్లు చాలు. పోల్చే నక్షత్రాన్ని ఏఏవీఎస్ఓ (చరతారల పరిశీలకుల సంఘం) పటం నుంచి ఎంచుకుని అన్ని రాత్రులూ దాన్నే వాడండి. సమయం విషయంలో ఎక్కువ మంది తప్పు చేస్తారు. సూర్యుడి చుట్టూ మనం తిరగడం వల్ల వచ్చే సవరణ 8.3 నిమిషాల దాకా ఉండవచ్చు. ఏఎమ్ హెర్ క్రాంతివృత్తానికి (ఆకాశంలో సూర్యుడి దారికి) 73 డిగ్రీల పైన ఉంది కాబట్టి ఇక్కడ అది రెండున్నర నిమిషాలు దాటదు. ఈ సవరణ చేసిన సమయాన్ని బీజేడీ అంటారు. దాన్ని యూటీసీలో (మామూలు గడియారాల ప్రపంచ సమయం) లెక్కించినదానికీ టీడీబీలో (లీపు సెకన్లు లేని ఖగోళ కాలమానం) లెక్కించినదానికీ తేడా 69 సెకన్లు. మూడు గంటల కక్ష్యకు ఇది చిన్నదే. ఏఆర్ స్కార్పీకి మాత్రం కాదు. శ్వేత కుబ్జం 117 సెకన్లకోసారి తిరిగే జంట అది, కాంతి 118 సెకన్ల లయతో రెండేసి శిఖరాలుగా కొట్టుకుంటుంది. 69 సెకన్లు అక్కడ సగం చుట్టు కంటే ఎక్కువ. దాని డెక్లినేషన్ -23, మన దగ్గర బాగా ఎత్తుకు వస్తుంది, మే నెల దానికీ అనువైనదే. కానీ ఎక్స్‌పోజర్ పది సెకన్లు దాటితే శిఖరాలు కరిగిపోతాయి, కాబట్టి 30 సెంటీమీటర్లకు తక్కువ టెలిస్కోపుతో మొదలుపెట్టకండి.

ధ్రువణం కొలవాలని ఉంటే 30 సెంటీమీటర్ల టెలిస్కోపుతో ఏఎమ్ హెర్ సాధ్యమే. క్వార్టర్ వేవ్ ప్లేటు, దాని వెనక కాంతిని రెండు కిరణాలుగా చీల్చే వోలాస్టన్ ప్రిజం. ప్లేటును +45, -45 డిగ్రీల దగ్గర ఒక్కో ఫొటో తీసి రెండు కిరణాల నిష్పత్తి చూడాలి. రెండు కిరణాలూ ఒకే ఫ్రేములో ఉంటే సన్నటి మబ్బు అడ్డొచ్చినా నిష్పత్తి చెడదు. తిరిగే పోలరాయిడ్ ఒక్కటే పెట్టుకుని వేర్వేరు ఫొటోలు తీస్తే నక్షత్రం మిణుకే ధ్రువణంలా కనిపిస్తుంది. అర శాతం ఖచ్చితత్వానికి 40,000 ఫోటాన్లు కావాలి. 13వ మాగ్నిట్యూడ్‌లో వి ఫిల్టరుతో 30 సెకన్లకు కాస్త అటూ ఇటూ, 15లో దాదాపు మూడు నిమిషాలు. చంద్రుడికి 90 డిగ్రీల దూరంలో ఆకాశం వెలుగుకే గట్టి ధ్రువణం ఉంటుంది కాబట్టి వెన్నెల రాత్రులు వద్దు. రేఖీయ ధ్రువణం రాసేటప్పుడు దాని రెండు భాగాల (క్యూ, యూ అంటారు) వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తాం, అది ఎప్పుడూ ధన సంఖ్యే. అసలు ధ్రువణం సున్నా అయినా నాయిస్ వల్ల ఏదో ఒక అంకె వచ్చేస్తుంది. మీ పొరపాటు అంచనా 0.5 శాతం ఉండి ఫలితం 0.8 వస్తే దాన్ని కొలత అనకండి. రెండు భాగాలనూ విడివిడిగా, ధన, రుణ గుర్తులతో సహా కక్ష్య దశకు (చుట్టులో ఎంత భాగం గడిచిందో దానికి) ఎదురుగా గీయండి. ప్రతి 3.09 గంటలకూ అదే దశలో అదే గుర్తుతో వస్తేనే అది నక్షత్రానిది.